క్రియాటినిన్ తగ్గింది సరే, ఎందువల్ల తగ్గింది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి, పేరూ ఊరూ బయటపెట్టవద్దన్న కోరికతో ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. ఆమె రసాయన శాస్త్రంలో డిగ్రీ చదివి ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెబుతున్నారు. తండ్రికి 56 ఏళ్లు. తిత్లీ తుఫానులో సొంత కొబ్బరి చెట్లు చాలావరకు పోయాక, ఇతరుల జీడి తోటల్లో కూడా పని చేస్తున్నారు. మే నెలలో, జీడిపిక్కల ఏరివేత ముగుస్తున్న రోజుల్లో, ఆయన రెండు రోజుల పాటు వాంతులు, విరేచనాలతో నీరసించిపోయారు. ఊళ్లోని ఆర్‌ఎంపీ సలైన్ పెట్టి, దగ్గరి ల్యాబులో రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీ పని తగ్గినప్పుడు రక్తంలో పెరిగే క్రియాటినిన్ 4.1 వచ్చింది. పెద్దాసుపత్రిలో స్కానింగ్ చూసి, రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని, జబ్బు పాతదేనని చెప్పారు. బీపీ మాత్రలు, మరికొన్ని మందులు రాశారు. మోకాళ్ల నొప్పులకు ఏళ్లుగా వాడుతున్న బిళ్లలు, ఇంజెక్షన్లు మానేయమన్నారు. ముందుముందు డయాలసిస్ అవసరం పడవచ్చు గనుక చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపే) ఆపరేషన్ గురించి ఆలోచించుకోమన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి ఆసుపత్రి పేరెత్తితే ఆయన ముఖం తిప్పుకుంటున్నారట.

ఆ వారంలోనే మేనమామ ఒక చూర్ణం తెచ్చారు. మూడు నెలల కోర్సు 18,000 రూపాయలు, అందులో సగం ఇప్పటికే కట్టారు. తెల్ల గలిజేరు, పల్లేరు, కొండపిండి, ‘మరికొన్ని అరుదైన మూలికలు’ అందులో ఉన్నాయని, వాడిన అరవై మందిలో యాభై అయిదుగురికి క్రియాటినిన్ తగ్గిందని, ఇది ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని కరపత్రం చెబుతోంది. ఆధారం అడిగితే నాలుగు పేజీల ఇంగ్లీషు పరిశోధన పత్రం ఒకటి, కోలుకున్నామని చెప్పేవారి వీడియోలు కొన్ని ఫోనుకు పంపారు. జూలైలో శ్రీకాకుళంలోని మరో ల్యాబులో పరీక్ష చేయిస్తే 3.2 వచ్చింది. దాంతో తండ్రి ఆసుపత్రి మాత్రలు మానేసి చూర్ణం ఒక్కటే వాడతానంటున్నారు. మేనమామ అన్నగారు డయాలసిస్ మీద ఉండగానే చనిపోయారు కనుక, ఆసుపత్రుల మీద ఆయనకు ఏనాడో నమ్మకం పోయింది. ‘ఇంట్లో చదువుకున్నదానివి నువ్వే, ఆ కాగితం చదివి నిజమో కాదో చెప్పు’ అని తల్లి అడిగారట. ‘ఆ పత్రం ఎలా చదవాలి? కళ్ల ముందు తగ్గిన అంకెను నేనెలా కాదనగలను? మావయ్యను నొప్పించకుండా ఈ సంగతి ఎలా తేల్చాలి?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, అంకె తగ్గడాన్ని మీరు కాదనవలసిన పని లేదు. 4.1 నిజం, 3.2 కూడా నిజమే అనుకుందాం. తేల్చవలసింది దేనివల్ల తగ్గిందన్న సంగతి. ఆ ప్రశ్నకు కావలసిన సామగ్రి ముప్పాతిక భాగం మీ ఉత్తరంలోనే ఉంది.

మే నుంచి జూలై లోపల మీ నాన్నగారి జీవితంలో మారినవి ఏమిటో మీరు రాసిన మాటల్లోంచే ఏరి చూడండి. మొదటి పరీక్ష వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయిన స్థితిలో జరిగింది. అలాంటప్పుడు కిడ్నీకి రక్తప్రసరణ తగ్గి, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ మరికొంత కుంగుతుంది. నీరు తిరిగి పట్టాక ఆ అదనపు దెబ్బ చాలాసార్లు కొంతవరకు తనంతట తానే సర్దుకుంటుంది. రెండోది, నొప్పి బిళ్లలు ఆగిపోయాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు కిడ్నీలోకి వెళ్లే రక్తనాళాలను సంకోచింపజేస్తాయి, అందుచేత వాటిని ఆపడమే ఒక చికిత్స. మూడోది, బీపీ మాత్రలు మొదలయ్యాయి. నాలుగోది, మండుటెండలో తోట పని ఆగి, జూలై నాటికి వానలు వచ్చాయి. అయిదోది, ల్యాబు మారింది. క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, ఒకే రక్తం రెండు చోట్ల కాస్త వేర్వేరు అంకెలు చూపవచ్చు. ఆరోది చూర్ణం. ఇన్ని మార్పులు ఒకేసారి జరిగినప్పుడు, వాటిలో డబ్బు పెట్టి కొన్న ఒక్కదానికే ఘనత కట్టబెట్టడం మానవ సహజం. కాకతాళీయం అని మన పెద్దలు పేరు పెట్టిన పొరపాటు ఇదే.

ఏడో సంగతి మీరు ఉత్తరం చివర్లో యథాలాపంగా రాశారు: నాన్న చొక్కాలు వదులైపోయాయని, చేపా మాంసం పూర్తిగా మానేశారని. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే పదార్థం. వండిన మాంసం తిన్న తర్వాత కూడా రక్తంలో కొంత పెరుగుతుంది. ఆకలి లేక మనిషి చిక్కిపోతే, కండ కరిగితే, కిడ్నీ ఏమాత్రం బాగుపడకపోయినా ఈ అంకె తగ్గుతుంది. అంటే 3.2లో కొంత భాగం శుభవార్త కాకపోవచ్చు, ఆయన బలహీనపడుతున్నారన్న హెచ్చరిక కావచ్చు. ఆయన బరువు మే నెలలో ఎంత, ఇప్పుడెంత అన్నది ఎక్కడైనా రాసి ఉందేమో వెతకండి. ఆసుపత్రి చీటీ మీద సాధారణంగా ఉంటుంది.

క్రియాటినిన్‌ను వయసుతో కలిపి లెక్కగట్టి, కిడ్నీ వడపోత ఎంత జరుగుతోందో అంచనా వేసే అంకెను ఈజీఎఫ్ఆర్ అంటారు. 2021లో సవరించిన సూత్రం ప్రకారం 56 ఏళ్ల పురుషుడికి 4.1 అంటే సుమారు 16, 3.2 అంటే సుమారు 22. రెండూ 15 నుంచి 29 మధ్య ఉండే నాలుగో దశలోనివే. పైగా ఈ సూత్రం నిలకడగా ఉన్న మనిషికి పనికొస్తుంది. వాంతులతో పడిపోయిన రోజున తీసిన రక్తానికి దాన్ని వర్తింపజేస్తే వచ్చే 16 అసలు నమ్మదగిన అంకె కాదు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని నిర్ధారించడానికే మూడు నెలలకు పైగా మార్పు నిలిచి ఉండాలన్న నియమం పెట్టుకున్నారు. అలాంటి జబ్బు తగ్గుముఖం పట్టిందని రెండు నెలల్లో, రెండు పరీక్షలతో ఎవరూ చెప్పలేరు. చూర్ణం ఇచ్చినవారూ చెప్పలేరు, ఆసుపత్రివారూ చెప్పలేరు.

ఇక పోలిక సంగతి. చికిత్సలను అంచనా వేయడంలో మీరు మొదట పట్టుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ మందు వాడనివారికి అదే కాలంలో ఏమైంది? మనకందరికీ తెలిసిన క్షయ నుంచే ఉదాహరణ చెబుతాను. స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చినప్పుడు బ్రిటన్‌లో సరిపడా మందు దొరకలేదు. అందుచేత ఎవరికి ఇవ్వాలో వైద్యుడి ఇష్టానికి వదలకుండా, చీటీలు వేసినట్టుగా రోగులను రెండు వర్గాలుగా పంచారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మందుతో పాటు మంచం మీద విశ్రాంతి తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు చనిపోయారు, విశ్రాంతి మాత్రమే తీసుకున్న 52 మందిలో 14 మంది చనిపోయారు. ఎక్స్‌రేలో బాగా మెరుగుపడినవారు మందు వర్గంలో 28 మంది. మందు లేని వర్గంలోనూ నలుగురు అలాగే మెరుగుపడ్డారు. ఆ నలుగురికి ఎవరైనా విభూతి ఇచ్చి ఉంటే విభూతితోనే నయమైందని ఊరంతా చెప్పుకునేది. రెండో వర్గమంటూ ఉన్నందువల్లనే మందు చేసిన మేలు ఎంత, కాలం చేసిన మేలు ఎంత అన్నది విడదీయగలిగారు. అయిదేళ్ల తర్వాత మళ్లీ లెక్క చూస్తే, ఆ మందు ఒక్కటే వాడటంతో క్రిములు దానికి లొంగకుండా పోవడం వల్ల, రెండు వర్గాల మధ్య తేడా చాలామటుకు కరిగిపోయింది. ఎంతకాలం చూశారన్నది కూడా అడగవలసిన ప్రశ్నేనని అప్పుడు తెలిసింది.

దీన్ని మీ కరపత్రంలోని అరవై మందికి వర్తింపజేయండి. మందు వాడని మరో అరవై మంది ఎక్కడ? అరవై అన్నది మొదలుపెట్టినవారి లెక్కా, చివరి దాకా మిగిలినవారి లెక్కా? మధ్యలో డయాలసిస్‌కు వెళ్లినవారు, చనిపోయినవారు, డబ్బు చాలక మానేసినవారు ఆ లెక్కలో ఉన్నారా? జబ్బు ముదిరినప్పుడే, అంకె అన్నిటికంటే ఎక్కువున్నప్పుడే మనిషి కొత్త చికిత్సకు పరుగెత్తుతాడు. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా చాలామందికి మొదటి కొన్ని వారాల్లో అంకె కొంత దిగుతుంది. వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. బాగున్నవారే కెమెరా ముందు కూర్చోగలరు. వారు అబద్ధం చెబుతున్నారని నేననను. వారిలో చాలామంది మనస్ఫూర్తిగా నమ్మి చెబుతుంటారు, అందుకే ఆ మాటలు అంత బలంగా తాకుతాయి.

మీరు జతచేసిన నాలుగు పేజీల పత్రం చదివాను. పేరు చూసి, మొదట్లో ఉండే సారాంశం చూసి ఆగిపోకుండా, ‘పద్ధతులు’ అన్న భాగానికి వెళ్లండి. సైన్సు చదివినవారు కనుక మీకది కష్టం కాదు. అందులో ఉన్నది మనుషులు కాదు, ఎలుకలు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కువ మోతాదులో ఎక్కించి కిడ్నీని కొద్ది రోజుల్లో దెబ్బతీశారు. కొన్నిటికి ముందు నుంచే కొండపిండి కషాయం పట్టించారు. కషాయం తాగిన ఎలుకల్లో దెబ్బ కాస్త తక్కువగా కనిపించింది. ఇది తప్పుడు పరిశోధన కాకపోవచ్చు. అయితే మీ నాన్నగారి ఇబ్బంది ఒక్కసారి తగిలిన దెబ్బ కాదు, ఏళ్ల తరబడి కిడ్నీ కణజాలం మచ్చకట్టి కుంచించుకుపోవడం. దెబ్బ తగలక ముందు కాచుకోవడం వేరు, మచ్చకట్టిన భాగాన్ని తిరిగి మొలిపించడం వేరు. పైగా ఆ పత్రంలో వాడినది ఒకే మొక్క, పేరు తెలిసిన ద్రావకంతో తీసిన సారం, తూచి ఇచ్చిన మోతాదు. మీ ఇంట్లో ఉన్న పొట్లంలో ‘అరుదైన మూలికలు’ అనే మాట చాటున ఏముందో తెలియదు. ఆ పత్రానికీ ఈ పొట్లానికీ ఉన్న సంబంధం ఒక మొక్క పేరు మాత్రమే.

అంకె మెరుగుపడటం, మనిషి బాగుపడటం ఒకటి కాదనడానికి కిడ్నీ వైద్యంలోనే ఒక కఠినమైన ఉదాహరణ ఉంది. బార్డాక్సొలోన్ అనే మందు షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఈజీఎఫ్ఆర్‌ను స్పష్టంగా పెంచుతోందని తొలి ప్రయోగాల్లో తేలి, ఎంతో ఆశ పుట్టించింది. తర్వాత 2,185 మంది నాలుగో దశ రోగుల మీద పెద్ద ప్రయోగం చేశారు. సగం మందికి మందు, సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. అంకెలు నిజంగానే పెరిగాయి. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు మందు వర్గంలో 96 మంది అయితే, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 55 మంది. డయాలసిస్ దాకా వెళ్లడాన్ని అది ఆపిందని చెప్పుకోదగ్గ తేడా కూడా కనబడలేదు. 2012 అక్టోబరులో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే నిలిపివేశారు. రెండో వర్గం లేకుండా, రక్తపరీక్ష ఒక్కటే చూస్తూ పోయి ఉంటే అది అద్భుతమైన మందుగా చలామణీ అయ్యేది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. 30 శాతం లోపు పెరుగుదలనైతే, పొటాషియం అదుపులో ఉన్నంతవరకు, వైద్యులు సాధారణంగా గమనిస్తూ మందు కొనసాగిస్తారు. ఎందుకంటే తగిన రోగుల్లో ఆ మందులు ఏళ్ల మీద కిడ్నీని కాపాడతాయని పోలిక ఉన్న ప్రయోగాల్లో తేలింది. అంకె ఒక్కటే న్యాయమూర్తి అయితే మొదటి మందు గెలిచేది, రెండోది ఓడిపోయేది.

ఇదే తూకంలో ఆసుపత్రి మందును కూడా వేయవలసిందే. అలా వేయకపోతే మావయ్య ముందు మీ మాటకు విలువ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు ఇప్పుడు కిడ్నీ రోగులకు విరివిగా రాస్తున్నారు. మీ నాన్నగారికి రాశారో లేదో మీరు చెప్పలేదు, నేను ఉదాహరణకే తీసుకుంటున్నాను. 2020లో వెలువడిన ప్రయోగంలో 4,304 మంది పాల్గొన్నారు. ఆ మందు ‘ముప్పును 39 శాతం తగ్గిస్తుంది’ అని ప్రచారం. అది అబద్ధం కాదు. అయితే విడమరిచి చూస్తే, సుమారు రెండున్నరేళ్లలో కిడ్నీ పని సగానికి పడిపోవడమో, డయాలసిస్ దశకు చేరడమో, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడమో జరిగినవారు ఉత్తుత్తి మాత్ర వర్గంలో నూటికి 14.5, మందు వర్గంలో నూటికి 9.2. అంటే వంద మంది వాడితే అయిదుగురికి ఆ కాలంలో ఆ ఆపద తప్పింది, తొమ్మిదిమందికి మందు వాడినా తప్పలేదు. నా దృష్టిలో ఇది మంచి ఫలితమే. కానీ ఇంకో ప్రశ్న అడగాలి: ఆ ప్రయోగంలో మీ నాన్నగారి లాంటివారు ఉన్నారా? అందులో చేరాలంటే ఈజీఎఫ్ఆర్ 25 నుంచి 75 మధ్య ఉండాలి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా పోతుండాలి. మీ నాన్నగారి 22 ఆ హద్దుకు వెలుపలే ఉంది. తర్వాతి పరిశోధనలు ఇంకాస్త దిగువ దాకా వెళ్లాయి. ఉద్దానం తరహా జబ్బులో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ పెద్దగా పోదు. అందుకని ‘ఈ మందు మా నాన్నకు ఎంతవరకు వర్తిస్తుంది?’ అని డాక్టరును అడిగే హక్కు మీకుంది. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేశారన్న మీ ఆవేదన న్యాయమైనదే. బయట బారులు తీరిన జనం ఆ తొందరకు కారణం కావచ్చు గానీ, వివరించని చోటే కరపత్రాలకు తలుపు తెరుచుకుంటుంది.

మన ఉద్దానం విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2019లో ప్రచురితమైన సర్వే ఒకటి ఇక్కడి పెద్దల్లో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు చూపింది. వారిలో ఎక్కువమందికి మామూలుగా చెప్పే కారణాలేవీ సరిపోలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో నీళ్లు లేకుండా చేసే శ్రమ, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం అంటూ అనుమానాలు చాలా ఉన్నా, ఏ ఒక్కటీ కారణంగా రుజువు కాలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీళ్లు తెచ్చే పథకం వచ్చింది, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. శుభ్రమైన నీళ్లు ఎలాగూ కావలసినవే, వాటి కోసం జబ్బు కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు. కారణం తేలలేదన్న ఈ ఖాళీలోకే రకరకాల మనుషులు వస్తారు. ‘డాక్టర్లకే కారణం తెలియదు, నాకు తెలుసు’ అనేవారి మాటలో మొదటి సగం నిజం కావడం వల్ల రెండో సగం కూడా నిజమనిపిస్తుంది.

మూలికలు కనుక చెడు చేయవన్న మావయ్య మాటకు కూడా ఆధారాలతోనే జవాబు చెప్పాలి. 1990 దశకం మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఒక చికిత్సాలయంలో చైనా మూలికల మాత్రలు వాడిన మహిళల్లో చాలామందికి కిడ్నీలు వేగంగా పాడయ్యాయి. వెతికితే, ఒక మొక్క బదులు అరిస్టలోకియా జాతి మొక్క పొరపాటున కలిసిందని తేలింది. అందులోని ఆమ్లం కిడ్నీని మచ్చకట్టిస్తుంది, క్యాన్సరుకూ దారి తీస్తుంది. మన పక్క ఈశ్వరి అని పిలుచుకునే తీగ ఆ జాతిదే. మీ పొట్లంలో అది ఉందని నేననడం లేదు. ఏముందో రాయని పొట్లం విషయంలో అది లేదని కూడా ఎవరూ చెప్పలేరన్నదే ఇబ్బంది. కొన్ని నాటు చూర్ణాల్లో భార లోహాలు, స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపి దొరికిన సందర్భాలు కూడా ఉన్నాయి. స్టెరాయిడు కలిస్తే ఆకలి పెరిగి, నొప్పులు తగ్గి, మనిషికి హుషారు వచ్చినట్టనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులు కూడా పోయాయని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను.

మీరు స్వయంగా వెతికి చూసుకోగలిగిన చోట్లు కొన్ని ఉన్నాయి. మనుషుల మీద జరిగే ప్రయోగాలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ, సీటీఆర్ఐ, 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి మందుల ప్రయోగాలు అందులో నమోదు కావడం తప్పనిసరి అయింది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఆ చూర్ణం పేరుతో, తయారీదారు పేరుతో వెతకండి. కనబడకపోతే ‘అరవై మంది’ ఎక్కడివారని అడగడానికి మీకు గట్టి ఆధారం. కనబడినా, నమోదు కావడం రుజువు కావడం కాదు. ఏం కొలుస్తామని ముందు చెప్పారు, చివరికి ఏం ప్రకటించారు అన్నది సరిచూడాలి. పబ్‌మెడ్ అనే వెబ్‌సైటులో వైద్య వ్యాసాల సారాంశాలు, కొక్రేన్ సంస్థ సమీక్షల్లో మామూలు భాషలో రాసిన సంగ్రహాలు డబ్బు కట్టకుండా చదవవచ్చు. ఒక్క వ్యాసాన్ని కాక, ఒకే ప్రశ్న మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షలను వెతకడం మంచి అలవాటు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు కూడా ఉన్నాయి కనుక ‘జర్నల్‌లో వచ్చింది’ అన్న మాట ఒక్కటే దేనికీ హామీ కాదు. ఇక చట్టం సంగతి: 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కొన్ని జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్నే నిషేధించింది, ఆ జాబితాలో బ్రైట్స్ వ్యాధి అన్న పాత పేరుతో కిడ్నీ జబ్బు కూడా ఉంది. ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఊళ్లో ఆ పొట్లం వాడుతున్న మిగతా ఇళ్లవారితో మీకు వచ్చే మాటలేమిటో ముందే ఊహించుకుని, మావయ్యకు చెప్పాకే అటు అడుగు వేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మాత్రలు మానేసి చూర్ణమే వాడటం మీ నాన్నగారి కోరిక. ఇందులో చిక్కు ఏమిటంటే నష్టం వెంటనే తెలియదు. బీపీ పెరిగినా నొప్పి ఉండదు, కిడ్నీ తరిగినా చాలాకాలం ఏమీ అనిపించదు, తెలిసేసరికి పోయినది తిరిగి రాదు. అన్ని దారుల్లోకీ ఇదే ఎక్కువ మూల్యం చెల్లించవలసినది. రెండోది, రెండూ కలిపి వాడటం. ఇల్లంతా ఒప్పుకునే దారి కనుక చాలామంది దీన్నే ఎంచుకుంటారు. కానీ అంకె తగ్గితే చూర్ణానికి పేరు, పెరిగితే మాత్రలకు నింద అన్నట్టు తయారవుతుంది. ఏది మేలు చేస్తోందో, ఏది కీడు చేస్తోందో ఎప్పటికీ తేలదు, పొటాషియం పెరిగితే దేనివల్లో పట్టుకోవడం కష్టం. మూడోది, చూర్ణాన్ని ఈ రోజే పారేయడం. ఇది సరైనదిగా కనబడుతుంది గానీ రెండు ఇబ్బందులున్నాయి. అందులో స్టెరాయిడు ఉంటే, వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. పైగా రేపు అంకె సహజంగానే అటూ ఇటూ కదిలి 3.6 వస్తే ఆ నేరం మీ మీద పడుతుంది. పొట్లాన్ని ల్యాబులో పరీక్ష చేయించడం అన్న ఆలోచన కూడా మీరు రాశారు. లోహాలు ఉన్నాయో లేదో కొంత తెలుస్తుంది, ఖర్చవుతుంది. అయితే ఒక పొట్లం శుభ్రంగా ఉందని తేలితే తర్వాతి పొట్లం గురించి అది ఏమీ చెప్పదు, మందుగా పనిచేస్తుందని అసలే చెప్పదు.

నాకు మొగ్గు ఉన్నది మరో దారి వైపు, ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే అది నడుస్తుంది. పొట్లాన్ని, కరపత్రాన్ని దాచకుండా కిడ్నీ డాక్టరుకు చూపించి, మాత్రలు కొనసాగిస్తూ, ఆయన చెప్పిన తీరులో చూర్ణాన్ని ఆపడం. ఆపాక ఒకే ల్యాబులో, ఒంట్లో నలతేమీ లేని రోజుల్లో, డాక్టరు చెప్పిన వ్యవధిలో పరీక్షలు చేయించడం. క్రియాటినిన్ ఒక్కటే కాక పొటాషియం, మూత్రంలో అల్బుమిన్, బీపీ, బరువు కూడా రాసి పెట్టుకోవడం. ఎంత కదలికను మామూలు హెచ్చుతగ్గుగా తీసుకోవాలి, ఎంత దాటితే మన ఆలోచన మార్చుకోవాలి అన్నది పరీక్షకు ముందే డాక్టరును అడిగి, అందరి ముందూ రాసుకోండి. ఫలితం వచ్చాక నియమాలు పెట్టుకుంటే ఎవరికి నచ్చిన అర్థం వారు చెప్పుకుంటారు. ఇలా చేసినా ఒక్క మనిషి మీద చూర్ణం మంచిదో చెడ్డదో రుజువు కాదు. మీ నాన్నగారు సురక్షితంగా ఉంటారు, తొందరపడి ఎవరూ తీర్పు చెప్పరు, అంతమటుకు లాభం.

ఈ అంకెలన్నీ ఒక పుస్తకంలో రాసే పని మావయ్యకు అప్పగించండి. అన్నగారిని పోగొట్టుకున్న మనిషి ఆయన, చెల్లెలి సంసారం కోసం అప్పు చేసైనా ఏదో ఒకటి తేవాలనుకున్నారు. ‘మావయ్యా, నువ్వు మోసపోయావు’ అంటే ఆయన చూర్ణం వైపే నిలబడతారు. ‘అరవై మంది వివరాలు నువ్వే అడిగి రా, డాక్టరు దగ్గరకు కూడా నువ్వే మాతో రా’ అంటే ప్రశ్న అడిగేవాడు అవుతారు. అన్నగారు ఏ దశలో ఆసుపత్రికి చేరారో కూడా నెమ్మదిగా అడగండి. మన వైపు చాలామంది ఊపిరి ఆడక, అత్యవసరంగా మెడలో గొట్టం పెట్టించుకుని డయాలసిస్ మొదలుపెట్టినవారే. ముందుగా సిద్ధపడి మొదలుపెట్టినవారి అనుభవం దానికి చాలా వేరుగా ఉంటుంది.

మీ నాన్నగారు పారిపోతున్నది మాత్రల నుంచి కాదు, ఫిస్టులా అన్న మాట నుంచి అని నాకనిపిస్తోంది. ఫిస్టులా అంటే రేపే డయాలసిస్ అని ఆయన అర్థం చేసుకుని ఉండవచ్చు. చేతిలోని రక్తనాళాలను కలిపే ఆ చిన్న ఆపరేషన్ తర్వాత అది వాడకానికి పనికిరావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అందుకే ముందు చెబుతారు. చేయించుకున్నాక చాలాకాలం దాని అవసరం రాకపోవచ్చు కూడా. చేయించుకోవాలా, ఇంకొంత ఆగాలా అన్నది 22 అన్న అంకె నిలుస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది కనుక, ఇదే ప్రశ్నను తదుపరి పరీక్ష తర్వాతికి వాయిదా వేయవచ్చా అని డాక్టరునే అడగండి. ఈలోపు ఏ చేతికి ఫిస్టులా పెడతారో తెలుసుకుని, ఆ చేతికి సూదులు, సలైన్లు పెట్టనీయకుండా ఆర్‌ఎంపీకి కూడా చెప్పి ఉంచండి.

వీడియోల్లో ఒకటి ‘రోజూ కొబ్బరి నీళ్లు తాగితే కిడ్నీలు కడిగినట్టవుతాయి’ అంటోందని రాశారు. కొబ్బరి తోటల మధ్య బతికే మీకు ఈ ఒక్కటి మాత్రం వెంటనే చెప్పాలి: కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, నాలుగో దశ కిడ్నీ దాన్ని సరిగా బయటికి పంపలేదు, పెరిగిన పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది. పొటాషియం పరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే ఆయనకు కొబ్బరి నీళ్లు ఇవ్వండి. మూత్రం బాగా తగ్గిపోవడం, ఆగని వాంతులు, పడుకుంటే ఊపిరాడకపోవడం, విపరీతమైన కండరాల నీరసం, మగతగా ఉండటం కనబడితే తదుపరి పరీక్ష తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు పొట్లం కూడా పట్టుకెళ్లండి.